చెప్పి వచ్చే వరద

(గోదావరి పాయల మధ్యనున్న ఒక డిగ్రీ కాలేజీలో, జాతీయ సేవా పథకం విద్యార్థులతో ఒక విశ్రాంత ఇరిగేషన్ ఇంజనీరు మాట్లాడిన మాటల పాఠం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దూరం జరపండి బాబూ. గట్ల మీద అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు నాది. (నవ్వులు)

పరిచయంలో నన్ను వరదల నిపుణుడు అన్నారు. అంత లేదండి. ముప్పై నాలుగేళ్లు ఇరిగేషన్‌లో చేశాను. అందులో సగం ఏటిగట్ల మీదే గడిచిపోయింది. ఏటా ఎర్రనీరు, అంటే కొత్త వరద నీరు, దిగిందంటే చాలు, మా ఇంట్లోవాళ్లు నన్ను లెక్కలోంచి తీసేసేవారు. మళ్లీ దసరాకి కలుపుకొనేవారు.

ముందు ఒక ప్రశ్న. ఈ హాల్లో గట్టు లోపలివాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. పది, పదిహేను, ఇరవై దాకా ఉన్నారు. మిగతావాళ్లంతా గట్టు బయటివాళ్లు. సరే, దించండి.

బయటి జిల్లాల నుంచి వచ్చిన మాస్టార్లు ఉన్నారు కాబట్టి ఒక్క మాట చెప్తాను. ధవళేశ్వరం బ్యారేజీ దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ, వైనతేయ అంటూ పాయలుగా చీలుతుంది. ప్రతి పాయకీ రెండు పక్కలా ఏటిగట్లు ఉంటాయి. గట్టుకి అవతల పెద్ద ఊళ్లు, వరి చేలు, కాలువలు. గట్టుకీ నీటికీ మధ్యన, కొన్నిచోట్ల ఏటి నడిమధ్యన, లంకలు. గట్టు కట్టింది బయటి ఊళ్లని కాపాడ్డానికి. అది నీళ్లని పక్కలకి పరుచుకోనివ్వదు. పరుచుకోని నీళ్లు ఎక్కడికి పోతాయి? పైకి లేస్తాయి. అంటే నేను ఉద్యోగమంతా కంటికి రెప్పలా కాచిన గట్టు, లోపలున్న లంకవాళ్ల ఇంట్లో మట్టం ఇంకాస్త పెంచిన గట్టు కూడా. ఉద్యోగంలో ఉండగా ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అనొచ్చు, పెన్షన్ ఆగదు.

మరి అక్కడ ఎందుకున్నారు, ఖాళీ చేసి రావచ్చుగా అంటారు. వరద పెట్టే ఒండ్రే అక్కడి భూమికి ఎరువు. అరటి, కంద, కూరగాయలు, పూలు అక్కడ పండినట్టు బయట పండవు. పైగా బయట సెంటు కొనే స్తోమత లేనివాళ్లకి దొరికిన నేల అదే. కొన్ని లంకల్లో పేదలకి, ముఖ్యంగా దళిత కుటుంబాలకి, సొసైటీల పేరిట ఇచ్చిన భూములున్నాయి. ఆ సలహా ఇచ్చేవాళ్లని నేను ఒక్కటే అడుగుతాను. ఖాళీ చేసి ఎక్కడికి రమ్మంటారు, మీ వీధిలోకా?

ఇక అసలు సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా దగ్గర ఒక పెద్ద లస్కరు, అంటే గట్టు కాపలా చూసే పనివాడు, ఉండేవాడు. "గోదారి చెప్పి వస్తుందండి, వాగులాగ దొంగదెబ్బ తియ్యదు" అనేవాడు. నిజమే. మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో పడిన వాన ప్రాణహితలోకి, ఇంద్రావతిలోకి దిగుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర కలుస్తుంది, ఇంద్రావతి ఇంకాస్త దిగువన కలుస్తుంది. పేరూరులో మట్టం కొలుస్తారు, భద్రాచలంలో కొలుస్తారు. భద్రాచలంలో 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. తర్వాత కూనవరం దగ్గర శబరి వచ్చి పడుతుంది. అక్కణ్ణుంచి పాపికొండల ఇరుకులో దూరి పోలవరం దగ్గర బయటపడి ధవళేశ్వరం చేరుతుంది. భద్రాచలం నుంచి ధవళేశ్వరానికి సుమారు ఒక రోజు ప్రయాణం. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి, అంటే పది లక్షల క్యూసెక్కులకి (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు), మొదటి హెచ్చరిక. 13.75 అడుగులు, పదమూడు లక్షలకి రెండోది. 17.75 అడుగులు, పదిహేడు లక్షలకి మూడోది.

అంటే మనకి ఒకటిన్నర రోజు, ఒక్కోసారి రెండు రోజులు ముందే తెలుస్తుంది. చెప్పకుండా వచ్చే వరద ఎలా ఉంటుందో మనవాళ్లే చూశారు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ వేల ప్రాణాలు తీసుకుపోయింది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోతే, దిగువనున్న ఊళ్లకి మంచం దిగే వ్యవధి కూడా చిక్కలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌లోకి వచ్చింది. మంచి సిమెంటు ఇళ్లలో, కార్లూ ఏసీలూ ఉన్నవాళ్లు కూడా రోజుల తరబడి మేడల మీద చిక్కుకుపోయారు. వాటితో పోలిస్తే మన గోదావరి మర్యాదస్తురాలు.

అయితే నాకు ఒక అనుమానం చాలా ఏళ్లు పట్టుకుంది. చెప్పి వచ్చే వరదలో కూడా మనవాళ్లు ఇంతలా ఎందుకు చితికిపోతున్నారు? రెండు రోజుల ముందు తెలిసినప్పుడు ఎంతోకొంత మిగలాలి కదా! దీనికి జవాబు నాకు పుస్తకంలో దొరకలేదు. ఒక మామ్మ అరుగు మీద దొరికింది. ఆవిడ దగ్గరికి వస్తాను. ముందు నీళ్ల లెక్క ఒకటి చెప్పుకుందాం.

2022 జూలై 16న భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చింది. 1986 తర్వాత అంత మట్టం అదే. ధవళేశ్వరంలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. టీవీలో "పాతిక లక్షలు" అంటూనే ఉంటారు. అదేదో లాటరీ టికెట్టు మీద నంబరులా వింటాం మనం. ఒక లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. పాతిక లక్షలైతే రోజుకి 216 టీఎంసీలు. శ్రీశైలం జలాశయం నిండుగా ఉంటే పట్టేది 215 చిల్లర. అంటే నిండు శ్రీశైలం మొత్తాన్ని ప్రతి 24 గంటలకోసారి తెచ్చి మన పాయల్లో కుమ్మరించినట్టు. 1986లో వచ్చింది 35 లక్షలు. ఆ లెక్క మీరే వేసుకోండి.

దానికి తోడు సముద్రం. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ. పోటు మీదున్న సముద్రం వరదని లాక్కోదు, మొహం మీద తలుపేసినట్టు చేస్తుంది. 2022లో జూలై 13 పౌర్ణమి. వరద వచ్చింది దాని వెనకాలే. లంకల్లో పెద్దవాళ్లు వరద కబురు రాగానే పంచాంగం తీసేది అందుకే. దాన్ని మూఢనమ్మకం అనుకునేరు, పక్కా హైడ్రాలిక్స్.

ఇక 1986. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, చేరి ఏడాది కాలేదు. ఆగస్టు 16న భద్రాచలంలో 75.6 అడుగులు. మాకు సెల్ ఫోన్లు లేవు. వైర్‌లెస్ సెట్టు ఒకటి ఉండేది, అది కూడా అవసరానికి మూగబోయేది. నాకు అప్పగించిన గట్టు మూడు కిలోమీటర్లు. ముగ్గురు లస్కర్లు, నాలుగు పెట్రోమాక్స్ లైట్లు, ఖాళీ గోనె సంచులు. ఊరి కుర్రాళ్లు ఎవరూ పిలవకుండానే పారలతో వచ్చేశారు.

గట్టు తెగేది ఎప్పుడూ నీళ్లు పైనుంచి పొర్లితేనే అనుకుంటారు. ఎక్కువసార్లు కిందనుంచే కొంప మునుగుతుంది. ఎలుక బొరియ, పీత బొరియ, ఎండిపోయిన చెట్టు వేరు, వీటిలో దూరిన నీళ్లు అవతలి వైపు గట్టు అడుగున ఊటలా పుడతాయి. ఆ రాత్రి పెద్ద లస్కరు నన్ను అలాంటి ఒక ఊట దగ్గరికి తీసుకెళ్లాడు. లైటు కిందకి దించి, దోసిట్లోకి నీళ్లు పట్టి నా మొహం ముందు పెట్టాడు. "చూడండి బాబూ, తేటగా ఉంటే భయం లేదు, గట్టు చెమట పోస్తోందంతే. రంగు మారిందంటే లోపల మట్టి కరుగుతోందన్నమాట." అరగంట తర్వాత మళ్లీ పట్టాం. మజ్జిగలా ఉంది. నా కాళ్లు వణికాయి. దాన్ని మూసేయండని అరిచాను. ఆయన మూయనివ్వలేదు. ఊట మూస్తే ఇంకోచోట పొడుచుకొస్తుందట. దాని చుట్టూ ఇసుక బస్తాలతో బావి గోడలా పేర్పించాడు. లోపల నీళ్లు నడుమెత్తు లేచేసరికి ఆ బరువుకి ఊట జోరు తగ్గింది, నీళ్లు తేరుకున్నాయి. నాలుగేళ్ల ఇంజనీరింగులో నేర్చుకోనిది ఆ నాలుగు గంటల్లో నేర్చుకున్నాను.

మా మూడు కిలోమీటర్లు నిలబడింది. కానీ ఆ ఏడు కోనసీమలో చాలాచోట్ల గండ్లు పడ్డాయి. గండి పడినచోట నేల కోసుకుపోయి చెరువులా గుంట పడుతుంది. ఆ ఇసుకంతా వెనక పొలాల మీద మేట వేస్తుంది. 2006 వరద తర్వాత గట్లు ఎత్తు చేసి, వెడల్పు చేసి బలపరిచారు. 2022లో బయటి ఊళ్లు గట్టెక్కాయంటే అదీ కారణమే. దానికి తోడు రాత్రికి రాత్రి బస్తాలు మోసిన జనం. మీలో కొందరి నాన్నలు అందులో ఉండే ఉంటారు.

ఇప్పుడు మామ్మ సంగతి. రిటైరయ్యాక ఒక సర్వే పని మీద ఒక లంకకి వెళ్లాను. 2022 వరద తీసి నెల అయింది. ఎత్తు అరుగున్న పాత పెంకుటిల్లు. ఎనభై దగ్గర పడ్డ మామ్మ అరుగు మీద కూర్చుని తడిసిన పాస్ పుస్తకం ఒక్కో పేజీ విడదీసి, మధ్యలో పాత పేపరు ముక్కలు పెడుతోంది. నన్ను చూడగానే అడిగింది, "నువ్వు గట్టు ఆఫీసరువి కదూ?" అవునన్నాను. "మీ టీవీవాళ్లు భద్రాచలం యాభై మూడు, అరవై ఒకటి అని చెప్తారు. నాకు భద్రాచలం రాముడు తెలుసు గానీ ఆ అడుగులు తెలీవు. ఎంతుంటే నా ఈ మెట్టు మీదకొస్తుందో అది చెప్పు" అంది.

నేను చెప్పలేకపోయానండి. ముప్పై నాలుగేళ్ల సర్వీసు పెట్టుకుని ఒక మెట్టు సంగతి చెప్పలేకపోయాను. ఆవిడే నవ్వి, గోడ మీద గీతలు చూపించింది. బొగ్గుతో గీసి, పైన సున్నం వేసినా మళ్లీ మళ్లీ దిద్దుకున్న గీతలు. అన్నిటికంటే పైది "ఎనభై ఆరు". దాని కింద మిగతావి. వరద వచ్చిన ప్రతిసారీ నీటి అంచున పుల్ల గుచ్చుతుంది. గంటకోసారి చూస్తుంది. పుల్ల దాటి జానెడు ఎక్కితే ఒక పని, మూరెడు ఎక్కితే ఇంకో పని. ఆవిడ హెచ్చరికల వ్యవస్థ అది. ప్రభుత్వం చెప్పేదీ నిజమే, ఆవిడ పుల్ల చెప్పేదీ నిజమే. ఆ రెంటికీ మధ్య మాట కలిపేవాడే లేడు.

"రెండు రోజులు ముందు తెలిసింది కదా మామ్మా, సామాన్లు తీసుకెళ్లలేకపోయారా?" అని అడిగాను. ఆవిడ జవాబు ఇప్పటికీ నాతోనే తిరుగుతోంది. "ఎత్తగలిగినవన్నీ ఎత్తాం నాయనా. బియ్యం అటకెక్కించాం, టీవీ పిన్నిగారి మేడ మీద పెట్టాం, గ్యాసు బండ తేలిపోకుండా స్తంభానికి కట్టాం, గేదెల్ని గట్టెక్కించాం. గడ్డివామి ఎత్తుతామా? అరటితోట ఎత్తుతామా? బోరు ఎత్తుతామా? దొడ్డి ఎత్తుతామా?"

నాకు దొరికిన జవాబు అదే. హెచ్చరిక కాపాడేది ఎత్తగలిగినవాటిని. మనిషి బతుకులో ఎక్కువ భాగం ఎత్తలేనిదే. వరదలో ఎంతమంది పోయారని అడుగుతాం. ఎవరూ పోలేదంటే "హమ్మయ్య, ఈసారి పెద్దగా నష్టం లేదు" అని చానెల్ మార్చేస్తాం. ఆ ఎత్తలేనివాటి లెక్క మొదలయ్యేసరికి కెమెరాలు వెళ్లిపోయి ఉంటాయి.

కొన్ని చెప్తాను. గడ్డివామి తేలిపోయిందనుకోండి. గేదె బతికే ఉంటుంది. గట్టు మీద కట్టేశారు. కానీ ఏం పెడతారు? పచ్చిగడ్డంతా బురద పూసుకుని ఉంటుంది, తింటే పారుకుంటుంది. పాలు సగానికి పడిపోతాయి. రోజూ కేంద్రానికి పాలు పోసి పదిహేను రోజులకోసారి బిల్లు తీసుకునే ఇంట్లో, ఆ బిల్లే కిరాణా కొట్టు. నెల తిరక్కుండా గేదెని బేరం పెడతారు. అప్పుడు కొనేవాడికి తెలుసు, ఇది వరద బేరమని. ఏ ప్రభుత్వ కాగితంలోనూ ఈ గేదె "నష్టం" కింద రాదు. చావలేదు కదా!

వరి నారుమడి వారం మునిగితే కుళ్లిపోతుంది. మళ్లీ విత్తనం, మళ్లీ దుక్కి, సార్వా, అంటే ఖరీఫ్ పంట, ఆలస్యం. ఆలస్యమైన పంట కోతకొచ్చేసరికి నవంబరు తుపాన్లు కాచుకుని ఉంటాయి. అరటి మూడు నాలుగు రోజులు నీళ్లలో నిలబడిందంటే పైకి పచ్చగానే కనిపిస్తుంది, దుంప కుళ్లడం మొదలవుతుంది. ఎన్యూమరేషన్‌కి, అంటే నష్టం లెక్క రాయడానికి, వచ్చినాయన తోట పచ్చగా ఉందని రాసుకుపోతాడు, పది రోజులకి తోట పడుకుంటుంది. కొబ్బరి ఒక్కటే మొండిది, తట్టుకుంటుంది.

పరిహారం విషయానికొస్తే, నియమాలు ఉన్నాయి, లేవని కాదు. కేంద్రం 2022లో సవరించిన విపత్తు సాయం ప్రమాణాల ప్రకారం పంట 33 శాతమో అంతకు మించో పోతే, నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకి 17,000 రూపాయలు. అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరానికి లెక్కేస్తే ఏడు వేలకి లోపు. పొలంలో మేట తీయడానికి హెక్టారుకి 18,000, అదీ మేట మూడు అంగుళాలు దాటితే. ఇసుక ఒక్క ట్రాక్టరు తోలడానికి ఎంతవుతుందో మీ ఇంట్లో అడగండి. అసలు చిక్కు ఆ అంకెలో కూడా లేదు, పేరులో ఉంది. భూమి ఒకరిది, సేద్యం ఒకరిది. లంకల్లో చాలాచోట్ల కౌలు నోటిమాటే, డబ్బు ముందే కట్టాలి. కాగితం మీద యజమాని ఉంటాడు. ఆయన ఎక్కడో సిటీలో ఉంటాడు, కౌలు కార్డుకి సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన టెన్షన్ ఆయనది. నాకు తెలిసిన ఒక కౌలు రైతు ఒకే ఏడాదిలో తోట పోగొట్టుకున్నాడు, ముందే కట్టిన కౌలు పోగొట్టుకున్నాడు. పరిహారం ఓనరు ఖాతాలో పడితే, అందులోంచి సగం "దయతో" ఇచ్చినందుకు దణ్ణం కూడా పెట్టాడు.

ఇంకో నష్టం ఉంది, అది ఏకంగా నేలే. కోత. ప్రతి పెద్ద వరదకీ లంక అంచులు విరిగి ఏట్లో పడతాయి. కొబ్బరి చెట్టు నిలువునా కూలి, తల ఊపుకుంటూ వెళ్లిపోవడం చూశారా మీరు? ఒక శబ్దం వస్తుంది, దూరంగా ఫిరంగి పేలినట్టు. రాత్రిళ్లు ఆ శబ్దం వింటూ పడుకున్నవాళ్లకి నిద్ర ఎలా పడుతుంది? అవతలి ఒడ్డున కొత్తగా ఇసుక తిన్నె లేస్తుంది. కానీ అది వాళ్లది కాదు.

ఇక బురద. ఇది బయటివాళ్లకి అస్సలు తెలీని విషయం. వరద తగ్గడం మొదలవగానే లంకల్లో ఆడవాళ్లు ఏం చేస్తారో చూశారా? ఇంట్లో ఇంకా మోకాలి లోతు నీళ్లున్నప్పుడే చీపుళ్లు, రేకులు పట్టుకుని దిగుతారు. నీళ్లని కలబెట్టి, బురదని లేపి, తగ్గే నీటితోపాటే గుమ్మం దాటిస్తారు. ఎందుకంటే నీళ్లు పూర్తిగా తీసేశాక కడుగుదామంటే కడగడానికి నీళ్లుండవు. బోరు మునిగిపోయింది, మోటారు కాలిపోయింది. రెండు రోజులు ఎండ కాసిందంటే ఆ ఒండ్రు గచ్చు మీద చెక్కలా బిగుస్తుంది, పారతో కొట్టాలి. అందుకే వరద అర్ధరాత్రి తీస్తే అర్ధరాత్రే పని. గోదావరి దిగుతున్న వేగానికి సరిపోయేలా చీపురు ఆడాలి. నేను కళ్లారా చూశాను, ఒకావిడ ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో చీపురు, నడుముకి పసిపిల్ల. అప్పటికి వాళ్లాయన గట్టు మీద గేదెల దగ్గర ఉన్నాడు. పునరావాసం అని మనం రాసే మాటకి ఆ రాత్రి అర్థం అదే, ఒక చీపురు.

పునరావాస కేంద్రాల గురించి ఎక్కువ చెప్పను. అన్నం దొరుకుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. మరుగుదొడ్డి దగ్గరే అసలు కష్టం. చీకటి పడేదాకా నీళ్లు తాగకుండా ఉండే ఆడవాళ్లు ఉన్నారు. బీపీ, షుగరు మాత్రలు ఇంట్లో వదిలేసి వచ్చిన ముసలివాళ్లు ఉంటారు, సిగ్గుపడి అడగరు. మీరు వాలంటీర్లుగా వెళ్తే బ్రెడ్డు పాకెట్లు పంచేముందు ఆ మాత్రలు అడగండి. ప్రసవం దగ్గర పడ్డవాళ్లని ముందే ఆసుపత్రికి చేరుస్తున్నారు, అది మంచి పని. ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు పాము భయం. పొడినేల కోసం మనం వెతుక్కున్నట్టే అదీ వెతుక్కుంటుంది, అటక మీదా, దుప్పట్ల మడతల్లోనూ దొరుకుతుంది. కాళ్ల పగుళ్లతో రోజుల తరబడి బురదలో తిరిగినవాళ్లకి జ్వరం వస్తే "వాన జ్వరంలే" అని వదిలేయకండి, ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) కావచ్చు. డాక్టరుకి వరద నీళ్లలో తిరిగామని చెప్పాలి. చెప్పకపోతే ఆయనకి తట్టకపోవచ్చు.

బడి సంగతి ఒక్క ముక్క. బడిలోనే కేంద్రం పెడతారు. వరద తీశాక కేంద్రం ఖాళీ చేసి, కడిగి, బెంచీలు ఎండబెట్టి తెరిచేసరికి రోజులు పడుతుంది. లంక పిల్లకి అదొక్కటే కాదు, కాజ్‌వే, అంటే ఏటి మీది ఎత్తు తక్కువ దారి, మునిగితే పడవ కావాలి, పడవ లేని రోజు సెలవే. ఒకే ఏడాదిలో మూడుసార్లు నీళ్లొచ్చినా ఆ పిల్ల పరీక్ష తారీఖు మాత్రం మారదు.

మనం ఇక్కడ మన లంకల గురించే మాట్లాడుతున్నాం. పైన ఇంకో లోకం ఉంది. కూనవరం, వీఆర్ పురం, చింతూరు. అక్కడ శబరి గోదావరిలో కలవాలి. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరిని కలవనివ్వదు, ఎగదన్నుతుంది. దాంతో వాన లేకపోయినా చింతూరు వైపు నీళ్లెక్కుతాయి. 2022లో అక్కడి కోయలు, కొండరెడ్లు గుట్టలెక్కి టార్పాలిన్ పట్టాల కింద రోజుల తరబడి ఉన్నారు. వాళ్లకి "ముంపు" అనే మాటకి రెండు అర్థాలు. ఒకటి ఏటా వచ్చే వరద. రెండోది పోలవరం ప్రాజెక్టు నీళ్ల కింద ఊరు మునిగిపోవడం. ఏ ఊరు ఎప్పుడు ఖాళీ చేయాలో కాంటూరు గీత ప్రకారం, అంటే సముద్రమట్టం నుంచి ఆ నేల ఎత్తుని బట్టి, విడతలుగా నిర్ణయించారు. మొదటి విడత గీత 41.15 మీటర్లు. 2022లో ఆ గీతకి పైనున్న ఊళ్లు కూడా మునిగాయి. ఎలాగూ వెళ్లిపోయే ఊరే కదా అని పాడైన ఇల్లు బాగుచేసుకోవడానికి మనసు రాదు, వెళ్దామంటే ఇంకా పిలుపు రాలేదు. అలా రెండు ముంపుల మధ్య నిలబడ్డవాళ్ల గురించి మాట్లాడే అర్హత నాకు తక్కువ. అక్కణ్ణుంచి ఎవరినైనా పిలిపించి వినండి. నేను కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను.

ఇక మీతో పని. మామ్మ అడిగిన మెట్టు ప్రశ్నకి జవాబు చెప్పడం అంత కష్టమేమీ కాదని తర్వాత అర్థమైంది. భద్రాచలం అంకె మనకి నేరుగా పనికిరాదు, దాని కింద శబరి కలుస్తుంది కాబట్టి. మనకి కావలసింది ధవళేశ్వరం అంకె. బ్యారేజీ నుంచి ఏ గంటకి ఎన్ని లక్షలు వదిలారో రికార్డు ఉంటుంది. మన దగ్గర లేనిది, ఆ గంటకి ఏ లంకలో ఏ అరుగు దాకా వచ్చిందన్న లెక్క.

అది ఎక్కడుందో తెలుసా? మీ ఫోన్లలో ఉంది. (నవ్వులు) నవ్వకండి, నిజంగానే. 2022లో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు వరద ఫొటో తీశారు. ఫొటో వెనక తారీఖు, టైము ఉంటాయి. ఫలానా రోజు సాయంత్రం నాలుగున్నరకి గుడి మెట్లు మూడోది మునిగింది అని ఫొటో చెప్తుంది. బ్యారేజీ నుంచి ఆ లంకకి నీళ్లు రావడానికి పట్టే గంటలు వెనక్కి లెక్కేస్తే, మూడో మెట్టుకి ఎన్ని లక్షలో తేలుతుంది. పోటు సమయం పక్కన రాసుకోవాలి, లేకపోతే లెక్క జానెడు అటూ ఇటూ అవుతుంది. ఒక్క ఫొటోతో తేలదు గానీ ఊరికి ఇరవై ముప్పై దొరికితే సరిపోతుంది. ముసలివాళ్ల గోడ గీతలు దానికి సాక్ష్యం.

అది తేలాక కరెంటు స్తంభాల మీద రంగు గీతలు. పది లక్షలకి ఇక్కడ, పదమూడుకి ఇక్కడ, పదిహేడుకి ఇక్కడ, ఇరవై అయిదుకి ఇక్కడ. అంకె తెలుగులో పెద్దగా రాయాలి. కరెంటువాళ్ల అనుమతి నేను మాట్లాడాను, ఒప్పుకున్నారు. ఫ్యూజు పెట్టె ఉన్న స్తంభం ముట్టుకోవద్దన్నారు, అంతే. మొదటి లంకగా మామ్మ ఉండేదే తీసుకుందాం. ఆవిడ ఇంకా ఉంది, మీరు వస్తారని చెప్పి ఉంచాను. వచ్చేటప్పుడు పాత ఫొటోలున్న ఫోను తెమ్మంటోంది, చూడ్డానికట.

రంగు డబ్బాలు, కుంచెలు మీ మాస్టారి గదిలో పెట్టించాను. టేపు నేను తెస్తాను. ఆదివారం పొద్దున్న ఆరున్నరకి రేవు దగ్గర కలుద్దాం, మొదటి పడవ ఏడింటికి. ఈత రానివాళ్లు ముందే చెప్పండి, సిగ్గుపడకండి. లైఫ్ జాకెట్లు పన్నెండే ఉన్నాయి.